మా నాన్నా, జబెజ్ బాబాయీ కట్టిన దేశం

హాబ్స్ వాళ్ళ చిన్నపిల్ల అట్లా రాసిందా? మన మొదటి అధ్యక్షుడెవరని నువ్వు పరీక్షలో అడిగితే జబెజ్ హాబ్స్ అని రాసిందా? మరి నువ్వేం చేశావు పంతులమ్మా, సున్నా చుట్టావా? అయ్యో. కూర్చో, కూర్చో, ఆ కుర్చీ కాదు, అది పిల్లిది. ఇదిగో ఈ చాకు పట్టుకో, ఈ ఆపిల్ పళ్ళు చెక్కుతూ విను. తొక్క మందంగా తియ్యకేం. ఆ పిల్ల తప్పు రాయలేదే. అంటే, సగమే తప్పు రాసింది. ఈ వాగు ఒడ్డున మొదటివాడు ఆయనే, ఆఖరివాడెవరంటేనే హాబ్స్ వాళ్ళింట్లో పుట్టినవాళ్ళు ఒకటి రాస్తారు, మా పెట్టింగిల్ వాళ్ళింట్లో పుట్టినవాళ్ళు ఇంకోటి రాస్తారు. నువ్వు కాంకర్డ్ పట్నం నించి వచ్చినదానివి, పుస్తకంలో ఉన్నదే అడుగుతావు, నీ తప్పూ లేదు. కానీ ఆ పుస్తకం వేసినవాళ్ళకి మా సంగతి ఎవరు చెప్పారు గనక. మా నాన్న ఏసా పెట్టింగిల్ ఒక దేశాన్ని కట్టాడమ్మా. నవ్వకు. ఆయనా, జబెజ్ హాబ్స్ బాబాయీ కలిసి కట్టారు. ఏ దేశమంటావేం, ఇదే, నువ్వు కాళ్ళు చాపుకుని కూర్చున్నదే. ఆల్డర్ వాగు రిపబ్లిక్ అనేవాళ్ళు. బతికింది మూడేళ్ళో ఎంతో, అది వేరే సంగతి. అసలు పోయిందా లేదా అన్నది కూడా వేరే సంగతే, చెప్తా.

అప్పట్లో ఇంగ్లండు రాజుతో యుద్ధం అయిపోయాక ఆ రాజుగారి మనుషులూ మన మనుషులూ ఎక్కడో సముద్రం అవతల బల్ల ముందు కూర్చుని హద్దు రాసుకున్నారంట. నది ఎక్కడ పుట్టిందో అక్కడే హద్దు అని. వాళ్ళలో ఒక్కడైనా ఇటొచ్చి చూస్తేగా. ఈ నది ఒక్కచోట పుట్టలేదు. ఇక్కడొక వాగు, అక్కడొక వాగు, ఆ కొండ వెనక చెరువు, అన్నీ కలిసి కిందకి పోయాక దానికి నది అని పేరు. దాంతో మేం మధ్యన పడ్డాం. ఉత్తరాన కెనడా నించి రాజుగారి మనిషొచ్చి మీరు మావాళ్ళు, పన్ను కట్టండి అనేవాడు. వాడటు పోగానే దక్షిణాన న్యూహాంప్‌షైర్ నించి ఇంకోడొచ్చి మీరు మావాళ్ళు అనేవాడు. పన్ను అడగడానికి ఇద్దరూ వచ్చేవాళ్ళు గానీ వంతెన కొట్టుకుపోతే మాత్రం ఇద్దరికీ మేం ఎవరమో గుర్తొచ్చేది కాదు. ఒక ఏడాది ఇద్దరూ ఒకే రోజున మగవాళ్ళని కవాతుకి రమ్మన్నారు. మా నాన్న గడప మీద నిలబడి, రెండు సైన్యాల్లోనూ చేరితే రేపు యుద్ధమొచ్చినప్పుడు నన్ను నేనే కాల్చుకోవాలి గదా, అన్నాడు. అది విని జబెజ్ బాబాయి కడుపు పట్టుకుని నవ్వి, అయితే మనకే ఒక దేశం ఉంటే పోలా ఏసా, అన్నాడు. ఆయన మాటవరసకే అన్నాడు. మా నాన్నకి మాటవరస అనేది తెలీదు.

వాళ్ళిద్దరి స్నేహం అంతా ఇంతా కాదు. కింద ఊళ్ళనించి ఇద్దరూ పెళ్ళాలతో, తలా ఒక ఎద్దుతో ఈ అడవిలోకి వచ్చారు. తలా ఒకటే. మా ఎద్దు సాలమన్, వాళ్ళది సామ్సన్. రెండూ కలిస్తే ఒక కాడి. కలవకపోతే ఎవరి పొలమూ దున్నుడు పడదు. మా నాన్న సన్నంగా, పొడుగ్గా, ఎప్పుడూ దగ్గుతూ ఉండేవాడు, ఛాతీ బలహీనం. ఒక న్యాయశాస్త్రం పుస్తకం ఉండేది ఆయన దగ్గర, సగం ఎలకలు తిన్నాయి, మిగిలిన సగంతోనే ఆయన ఊరందరికీ న్యాయం చెప్పేవాడు. జబెజ్ బాబాయి పిండిమర ఆయన. బస్తా పిండిని చంకలో పిల్లాణ్ణెత్తుకున్నట్టు ఎత్తుకునేవాడు. గొంతు కూడా అట్లాంటిదే, ఆయన గుసగుసగా చెప్పింది అవతలి ఒడ్డున వినపడేది. ఒకాయన ఆలోచించేవాడు, ఇంకొకాయన చేసేసేవాడు. అట్లా ఉన్నన్నాళ్ళూ బానే ఉంది. ఆలోచించేవాడు చేద్దామనీ, చేసేవాడు ఆలోచిద్దామనీ అనుకున్నాకే వచ్చింది తంటా.

ఆ చలికాలం అంతా మా వంటింట్లోనే రాజ్యాంగం రాశారు. సిరా గడ్డ కట్టేది, పొయ్యి దగ్గర పెట్టేవాళ్ళు, మా అమ్మ అది బెల్లపు పాకం అనుకుని ఒకసారి గరిటె ముంచింది. ప్రతి మాటకీ గొడవే. బాబాయి, దేశానికి ఒక తలకాయ ఉండాలి ఏసా, తలకాయ లేనిదాన్ని ఎక్కడ పట్టుకుని నడిపిస్తాం, అనేవాడు. మా నాన్న, ఒక్కడి చేతిలో పెడితే ఏడాది తిరక్కుండా వాడు రాజైపోతాడు, అయిదుగురు ఉండాలి, అనేవాడు. చివరికి అయిదుగురి సభ, అందులో ఒకరు అధ్యక్షుడు, అని రాజీ పడ్డారు. అప్పుడు మా నాన్న ఒక షరతు పెట్టాడు. మన సైన్యం హద్దు దాటాలంటే సభలో అయిదుగురూ ఊఁ అనాలి, ఒక్కడు వద్దన్నా దాటకూడదు, అని. బాబాయి, మనకి సైన్యం ఎక్కడుంది, రాసుకోపో, అన్నాడు. ఆ మాటకి తర్వాత ఎంత ఏడ్చుకున్నాడో.

ఇక ఎన్నిక. మరలోనే జరిగింది. పిండి పడే గంపలో గింజలు వెయ్యాలి, బాబాయికి అయితే చిక్కుడు గింజ, మా నాన్నకైతే మొక్కజొన్న గింజ. గుప్పెట మూసుకుని వేస్తారు, ఎవరిదెవరికీ తెలీదు. ఆడవాళ్ళం గడప బయట నిలబడ్డాం, మాకు గింజ లేదుగా. లెక్కపెట్టారు. ఒక్క చిక్కుడు గింజ ఎక్కువొచ్చింది, జబెజ్ హాబ్స్ అధ్యక్షుడు. అందరూ టోపీలెగరేశారు. మా నాన్నకి లోపల ఎట్లా ఉందో గానీ పైకి మాత్రం నిండుగా నవ్వుతూ వెళ్ళి బాబాయిని కావలించుకున్నాడు. నాకు ఇప్పటికీ కళ్ళముందే ఉంది. కావలించుకుని, జబెజ్, నీకు చెప్పొచ్చో లేదో గానీ, నా గింజ నీకే వేశాను, అన్నాడు. బాబాయి అబద్ధం చెప్పలేడమ్మా, అదే ఆయనతో వచ్చిన కష్టం. మా నాన్న వీపు తడుతూ, సంతోషంగా, నేనూ నాకే వేశాను ఏసా, అన్నాడు.

అంతే. మా నాన్న చేతులు అట్లాగే కిందకి జారాయి. టోపీ పెట్టుకుని ఇంటికొచ్చి, మా అమ్మతో, వాడు వాడికే వేసుకున్నాడు, అన్నాడు. మా అమ్మ, మరి పోటీలో నిలబడ్డవాడు ఎవరికి వేస్తాడు, అంది. తప్పేం అంది? దాంతో మా అమ్మతో కూడా వారం రోజులు మాటల్లేవు.

ఆ తర్వాత రెండేళ్ళు మా నాన్న బాబాయితో ఒక్క మాట మాట్లాడలేదు. కానీ సభలో ఆయన కూడా అయిదుగురిలో ఒకడు గదా, అక్కడ మాట్లాడక తప్పదు. ఏం మాట్లాడేవాడు? ఆక్షేపణ. అదొక్కటే మాట. దారి బాగుచేద్దాం అంటే ఆక్షేపణ. మొదలుపెట్టే ముందు ప్రార్థన చేద్దాం అంటే, ఎంతసేపు చేస్తారో చెప్పలేదు గనక ఆక్షేపణ. బాబాయి వాళ్ళావిడ దేశానికి జెండా కుట్టింది పాపం, మధ్యలో దేవదారు చెట్టు. మా నాన్న కళ్ళజోడు పెట్టుకుని దాన్ని చాలాసేపు చూసి, క్యాబేజీ మన దేశానికి గుర్తని ఎప్పుడు తీర్మానించారు, అనడిగాడు. ఆవిడ ఏడ్చుకుంటూ పోయింది. మా అమ్మ వెళ్ళి ఓదార్చి తేనె సీసా ఇచ్చొచ్చింది. ఈయన సభలో తగవు పెట్టడం, మా అమ్మ వెనకే ఏదో ఒకటి పట్టుకుపోవడం, ఆ రెండేళ్ళలో మా ఇంట్లో తేనె మిగలలేదనుకో.

మరి దున్నుడు సంగతి అడగవేం? ఎద్దులు చెరొకటి గదా. మాటల్లేవు గదాని నేల ఆగదు. ఇద్దరూ వచ్చేవాళ్ళు, ఒకాయన కాడి దగ్గర, ఒకాయన మేడి దగ్గర, మధ్యలో నేను. నాకప్పుడు పందొమ్మిదో ఇరవయ్యో. బాబాయి ఆకాశంలోకి చూస్తూ, తాబీ, ఎద్దు ఎడమకి లాగుతోందని మీ నాన్నగారితో చెప్పమ్మా, అనేవాడు. వాళ్ళిద్దరి మధ్యా నాగలి అంత దూరమే. నేను ఇటు తిరిగి, నాన్నా, ఎద్దు ఎడమకి లాగుతోందంట, అనాలి. మా నాన్న నేలని చూస్తూ, ఆ లాగేది అధ్యక్షులవారి ఎద్దేనని వారికి మనవి చెయ్యి, అనేవాడు. నేను మళ్ళీ అటు తిరగాలి. సాలు చివరికొచ్చేసరికి నా మెడ పట్టేసేది. ఎద్దులు మాత్రం ఒకదాని భుజం ఒకటి నాక్కుంటూ ఉండేవి.

మందంగా తీస్తున్నావు తొక్క. పల్చగా, పల్చగా. ఆఁ, అట్లా.

మూడో ఏడు వసంతంలో రాజుగారి సర్వేవాళ్ళు గొలుసులు పట్టుకుని వచ్చారు. మా పొలం నడుమ నించి గీత గీసినట్టు మేకులు పాతిపోయారు, మంచి పొడుగాటి కొయ్య మేకులు, తలకాయ మీద రాజుగారి కిరీటం ముద్ర. వాళ్ళటు పోగానే మా నాన్న అన్నీ పీకి తెచ్చి మా అమ్మకిచ్చాడు. మా అమ్మ చిక్కుడు తీగలకి పాతింది. ఆ ఏడు కాసినంత చిక్కుడు మళ్ళీ ఎప్పుడూ కాయలేదు. ఆకు రాలే కాలంలో రాజుగారి మేజిస్ట్రేటు స్వయంగా గుర్రం మీద ఆ దారినే పోతూ నీళ్ళడగడానికి మా పెరట్లోకొచ్చాడు. వచ్చి చూస్తే ఏముంది, రాజుగారి కిరీటాల మీద ఎండిన చిక్కుడు కాయలు వేలాడుతున్నాయి. నీళ్ళు తాగకుండానే పోయాడు. నాలుగు రోజులకి ఇద్దరు జవాన్లొచ్చి మా నాన్నని బండెక్కించుకుపోయారు. ఆయన అరవలేదు, కొట్లాడలేదు. వారెంటు చదివి వినిపించమన్నాడంట. వాళ్ళు చదివితే, అందులో రెండు అక్షరదోషాలున్నాయని చూపించి, సరిచేసుకున్నాకే బండెక్కాడు.

నవ్వు నవ్వు. మాకప్పుడు నవ్వు రాలేదు. వెస్కాట్ అని హద్దు అవతల ఊరు, అక్కడ ఒక పూటకూళ్ళ ఇంట్లో పాలగదిలో పెట్టారని తెలిసింది, దానికొక్కదానికే కిటికీకి ఊచలున్నాయి. మర్నాడు అక్కణ్ణించి పెద్ద జైలుకి పంపిస్తారంట. ఆ జైలుకి చలికాలం ముందర పోయినవాళ్ళు ఆకు చిగిర్చేదాకా బతికేవాళ్ళు కాదు, మంచి ఛాతీ ఉన్నవాళ్ళే. మా అమ్మ ఆయన ఉన్ని చొక్కా మడత పెట్టింది, విప్పింది, మళ్ళీ మడత పెట్టింది.

జబెజ్ బాబాయికి ఎవరు చెప్పారో. మర ఆగిపోయింది. నీకు తెలీదు, ఆ మర తిరిగే చప్పుడు ఈ లోయంతా పగలంతా వినిపిస్తూనే ఉండేది, మాకు అది ఉందని కూడా తెలిసేది కాదు. అది ఆగేసరికి అందరూ పన్లు వదిలేసి బయటికొచ్చారు, ఏం జరిగిందని. చూస్తే ఒళ్ళంతా పిండితో, తెల్లగా, కనుబొమ్మలతో సహా తెల్లగా, బాబాయి దారి మధ్య నిలబడున్నాడు. ఒకటే మాటన్నాడు. ఏసాని పట్టుకుపోయారంట, పదండి. అంతే. ప్రసంగం లేదు ఏం లేదు. సైన్యం అంటే ఏముంది, ఊళ్ళో మగవాళ్ళు. కొందరి దగ్గర తుపాకులు, కొందరి దగ్గర పంగల కర్రలు, ఒకడైతే బంగాళాదుంపలు తవ్వుతున్నవాడు ఆ పారతోనే వచ్చాడు, జేబుల్లో దుంపలు కూడా ఉన్నాయి. నేనూ బయల్దేరాను. అమ్మాయీ, నువ్వెందుకు, అన్నాడు బాబాయి. మీతో ఆయన మాట్లాడడుగా, మధ్యలో ఎవరో ఒకరుండాలిగా, అన్నాను. నిజమే, అన్నాడు.

మధ్యాహ్నానికి వెస్కాట్ చేరాం. జవాన్లిద్దరూ మేజిస్ట్రేటుగారింటికి భోజనానికి పోయారు. పూటకూళ్ళ ఇంటాయన మమ్మల్ని చూడగానే పశువుల కొట్టంలో ఏదో పని గుర్తొచ్చి పోయాడు. వాళ్ళావిడ మాత్రం, మెకల్లమ్ గారు, స్కాట్లండావిడ, గరిటె చేత్తో పట్టుకుని గుమ్మంలోకొచ్చి, ఆయన కోసమేనా, అంది. నిన్న సాయంత్రం నించీ చెవులు చిల్లులు పడ్డాయి బాబూ, సూప్ పోయబోతే మనిషికి పుట్టుకతో వచ్చిన హక్కులేమిటో చెప్తాడు, తాగాక ఉప్పెక్కువైందని చెప్తాడు, తీసుకుపోండి, అంది. పాలగది తలుపు ఆవిడే తీసింది. మా నాన్న ఒక జున్ను పీపా మీద కూర్చుని ఉన్నాడు, ఒళ్ళో టోపీ పెట్టుకుని. మమ్మల్ని చూశాడు. బాబాయిని చూశాడు, వెనకాల తుపాకుల్ని చూశాడు. లేస్తాడనుకున్నాం. లేవలేదు. నావైపు తిరిగి, తాబిత, సభలో ఓటు అయిందా అని అధ్యక్షులవారినడుగు, అన్నాడు.

నేను నోరు తెరవబోయేలోగా బాబాయి తిన్నగా ఆయనతోనే అన్నాడు, రెండేళ్ళలో మొదటిసారి. ఏం ఓటు ఏసా, బయటికి రా. మా నాన్న, సైన్యం హద్దు దాటాలంటే అయిదుగురూ ఒప్పుకోవాలి, మీరు దాటేశారు, ఇది చట్టం కాదు, అన్నాడు. బాబాయి కాసేపు ఆలోచించి, హద్దు ఎక్కడుందో ఎవడికీ తెలీదు గదా, అందుకే గదా మనం దేశం పెట్టుకుంది, అన్నాడు. అది మాత్రం మా నాన్నకి తగిలింది. కానీ ఊరుకుంటాడా? అయితే ఇప్పుడు పెట్టండి ఓటు, అన్నాడు. పెట్టారమ్మా, సభలో మిగతా ముగ్గురూ మా వెంటే వచ్చారుగా. ఆ పాలగదిలో, జున్నులూ వెన్న కుండలూ మధ్యన, అయిదుగురూ చేతులెత్తి. ఏసా పెట్టింగిల్‌ని విడిపించడానికి సైన్యం రావచ్చా అని. నలుగురు ఊఁ అన్నారు. మా నాన్న, ఆక్షేపణ, అన్నాడు.

నాకు ఆయన్ని అక్కడే కొడదామా అనిపించింది. బయట ఉన్నవాళ్ళు, ఏమంటున్నాడు, ఏమంటున్నాడు, అని ఒకరినొకరు అడుగుతున్నారు. వద్దన్నాడంట అని తెలిశాక పార తెచ్చినవాడు, అయితే మనం పోవచ్చా, అన్నాడు. మెకల్లమ్ గారు గరిటె బల్లమీద పడేసింది. అప్పుడు మా నాన్న మెల్లిగా చెప్పాడు, ఎప్పట్లా వాదిస్తున్నట్టు కాదు. మీరు తుపాకులతో నన్ను తీసుకుపోతే రేపు రాజుగారి సైనికులు మీ తుపాకుల కోసం వస్తారు జబెజ్. వాళ్ళని ఆపడానికని కిందనించి న్యూహాంప్‌షైర్ వాళ్ళొస్తారు. మన వాగు ఎంతుంది, ఇద్దరు పోట్లాడుకునేంత లేదు. నేనొక్కణ్ణి పోతే దేశం ఉంటుంది. నన్ను తీసుకుపోతే ఉండదు. అని దగ్గాడు. ఆ దగ్గు ఆగడానికి చాలాసేపు పట్టింది.

బాబాయికి ఒక కత్తి ఉండేది, వాళ్ళ మామయ్యది, అధ్యక్షుడు గదాని నడుముకి కట్టుకుని వచ్చాడు, దారంతా కాళ్ళకడ్డంపడి చచ్చాడు దాంతో. అది విప్పి వెన్న కుండ పక్కన పెట్టాడు. సరే, నేను రాజీనామా చేస్తున్నా, అన్నాడు. మా నాన్న తలెత్తాడు. అట్లా నోటిమాటతో కుదరదు, అన్నాడు. కుదిరింది, అన్నాడు బాబాయి. నేనిప్పుడు అధ్యక్షుణ్ణి కాదు, పిండిమర వాణ్ణి. అధ్యక్షుడు లేకపోతే సభలో వయసులో పెద్దవాడు అధ్యక్షుడవుతాడని రాసింది ఎవరు, నువ్వే గదా. మనలో పెద్దవాడెవడు, నువ్వే గదా. కాబట్టి ఏసా, నువ్వే ఇప్పుడు అధ్యక్షుడివి, అదుగో నీ సైన్యం, ఏం చెయ్యాలో చెప్పు. మా నాన్న లేచి నిలబడ్డాడు. టోపీ పెట్టుకున్నాడు. ఆ క్షణం ఆయన మొహం చూడాల్సిందమ్మా, పాలగదిలో పట్టాభిషేకం అయినట్టు. గుమ్మంలోకొచ్చి, సైన్యం ఇప్పుడే ఇంటికి పోవాలి, హద్దుకి ఇటు వెస్కాట్ వైపు ఒక్కడు కూడా ఉండకూడదు, ఇది అధ్యక్షుడి ఆజ్ఞ, అన్నాడు. దుంపలు సగం తవ్వి వదిలేసి వచ్చినవాళ్ళు గదా, చెప్పిందే చాలన్నట్టు పోయారు. ఆ ఒక్క ఆజ్ఞే మా దేశంలో అందరూ మారుమాటాడకుండా విన్నది.

ఇక అక్కడ మిగిలింది మేం ముగ్గురం, మెకల్లమ్ గారు. మా నాన్న వెనక్కొచ్చి మళ్ళీ పీపా మీద కూర్చోబోయాడు, చట్టం నిలిచింది, నేను జైలుకి పోతాను, అని. బాబాయి, చట్టం నిలిచింది గదా, అయితే ఇప్పుడు నేను చేసేది చట్టానికి సంబంధం లేదు, నేను పక్కింటివాణ్ణి, అని వంగి, బస్తానెత్తినట్టు మా నాన్నని ఎత్తి భుజమ్మీద వేసుకున్నాడు. మా నాన్న, దించు, అధ్యక్షుణ్ణి ముట్టుకోకూడదు, ఇది రాజద్రోహం, అంటూనే ఉన్నాడు, తలకిందులుగా. మెకల్లమ్ గారు పరిగెత్తుకొచ్చి కింద పడ్డ టోపీ తీసి నా చేతిలో పెట్టి, త్వరగా పొండమ్మా, మిగతా ఉపన్యాసం దారిలో చెప్తాడు, అంది. ఆ కత్తి మాత్రం అక్కడే మర్చిపోయాం. ఆవిడ దాంతో జున్ను కోసుకునేదని తర్వాతెవరో చెప్పారు.

ఊరు దాటి అడవి దారి పట్టాక బాబాయి ఆయన్ని దించాడు. ఇద్దరూ ముందు నడుస్తున్నారు, నేను టోపీతో వెనక. ఏం మాట్లాడుకున్నారో నాకు వినపడలేదు. బాబాయి గొంతు కూడా వినపడలేదంటే చూడు. ఒకచోట ఆగి ఇద్దరూ నవ్వారు. మా నాన్న చెట్టు పట్టుకుని నవ్వాడు, దగ్గొచ్చేదాకా. నాకు ఏడుపొచ్చింది. ఇంక గొడవలన్నీ అయిపోయాయి అనుకున్నాను. మా ఇంటి గేటు దగ్గరికి నేను చేరేసరికి ఏం వినపడింది? నీ రాజీనామా పరదేశంలో చేశావు గనక చెల్లదు, అంటున్నాడు మా నాన్న. అక్కడ చెల్లకపోతే నీ ఆజ్ఞ కూడా చెల్లదు, అంటున్నాడు బాబాయి. మా అమ్మ ఉన్ని చొక్కా పట్టుకుని పరిగెత్తుకొచ్చింది, గేటు దగ్గర ఆగి, వీళ్ళని విని, చొక్కా ఆయన మొహాన విసిరేసి లోపలికి పోయింది. పొయ్యి దగ్గర కూర్చుని చాలాసేపు ఏడ్చింది, తర్వాత ఇద్దరికీ వడ్డించింది.

మా నాన్న చెప్పినట్టే అయిందనుకో. తుపాకులు పేలకపోయినా రాజుగారి మేజిస్ట్రేటు ఊరుకోలేదు, కాగితాలు పైకి పంపాడు. అది విని న్యూహాంప్‌షైర్ వాళ్ళు మిమ్మల్ని కాపాడతాం అంటూ సైన్యంతో దిగారు. మమ్మల్ని ఎవరన్నా అడిగారా? కర్నల్ ఒకాయన, మంచి మనిషే పాపం, మీ దేశం మా రాష్ట్రంలో కలిసిపోతోందని ఇదిగో ఈ కాగితం మీద మీ అధ్యక్షుడు సంతకం పెట్టాలి, అన్నాడు. బాబాయి దగ్గరికి పోతే, నేను రాజీనామా చేశానండీ, ఏసా పెట్టింగిల్ అధ్యక్షుడు, అన్నాడు. ఇటొచ్చాడు. మా నాన్న, ఆ రాజీనామాని ఏ సభా ఆమోదించలేదు, హాబ్సే అధ్యక్షుడు, అన్నాడు. కర్నల్ ఆ బురదలో మర దగ్గరికీ మా ఇంటికీ ఎన్నిసార్లు తిరిగాడో. ఆఖరుసారి వచ్చినప్పుడు మా అమ్మ పెట్టిన గుమ్మడికాయ తీపిరొట్టె తిని, బూట్లు ఆరబెట్టుకుని, కాగితం మడిచి జేబులో పెట్టుకుని పోయాడు. ఎవరూ సంతకం పెట్టలేదు. చట్టప్రకారం ఈ దేశం ఇంకా లొంగలేదు పంతులమ్మా. నీ జీతం ఏ రాష్ట్రం ఇస్తోందో కనుక్కో.

అప్పుడేమో ఇద్దరికీ ఆ అధ్యక్షుడి కుర్చీ వద్దు. పదేళ్ళు గడిచాక కింద నించి పత్రికాయన ఒకడొచ్చి, ఆల్డర్ వాగు ఆఖరి అధ్యక్షుడెవరు, బొమ్మ వేయించుకుంటాం, అన్నాడు చూడు, అప్పణ్ణించీ ఇద్దరికీ కావాలి. రాజీనామా చెల్లదు కాబట్టి నేనే, అంటాడు బాబాయి. చెల్లింది కాబట్టి నేనే, అంటాడు మా నాన్న. ఇదివరకు ఎవరు ఏం వాదించారో అది తిరగేసి పట్టుకున్నారు. సిగ్గైనా లేదు ఇద్దరికీ. ఆ వాదనలోనే ముసలివాళ్ళయిపోయారు. మా అమ్మ పోయింది, హాబ్స్ పిన్ని పోయింది, మరకి కొత్త చక్రం వచ్చింది, ఇది మాత్రం పోలేదు.

చివరికి బాబాయి మంచాన పడ్డాడు. అంత మనిషి, దుప్పటి కింద ఉన్నాడో లేడో అన్నట్టు అయిపోయాడు. మా నాన్న రోజూ కర్ర పొడుచుకుంటూ పోయి పక్కన కూర్చునేవాడు, కూర్చుని అదే వాదన. బాబాయి కోడలు నాతో మొత్తుకునేది, మీ నాన్న మా మామగారి ప్రాణం తీస్తున్నాడు వదినా, అని. డాక్టరేమో, ఆ పోట్లాట కోసమే ఆయన పొద్దున్నే లేస్తున్నాడు, ఆపకండి, అన్నాడు. ఒకరోజు నేను చారు పట్టుకుని మా నాన్నతో పాటు వెళ్ళాను. గేటు దగ్గర డాక్టరు గుర్రమెక్కబోతూ మా నాన్నని పక్కకి పిలిచి ఏదో చెప్పాడు. మా నాన్న తలూపి లోపలికొచ్చాడు. మంచం పక్కన కూర్చున్నాడు. బాబాయి కళ్ళు తెరిచి, పరదేశంలో చేసిన రాజీనామా, అని మొదలుపెట్టాడు, గొంతు లేదు, అయినా మొదలుపెట్టాడు. మా నాన్న దుప్పటి సర్దుతూ, అవును జబెజ్, చెల్లదు, నువ్వే అధ్యక్షుడివి, మొదటినించీ ఆఖరిదాకా నువ్వే, అన్నాడు.

బాబాయి ఆయన్ని అట్లా చూస్తూ ఉండిపోయాడు. తర్వాత, డాక్టరు నీతో చెప్పేశాడా ఏసా, అన్నాడు.

మా నాన్న చెయ్యి దుప్పటి మీద అట్లాగే ఆగిపోయింది. నేను చారు గిన్నె పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాను, ఎటూ కదల్లేక. ఆయన అంత తొందరగా ఆలోచించడం నేనెప్పుడూ చూడలేదు. లేదు లేదు, ఎవడేం చెప్పలేదు, అన్నాడు. నువ్వెంత గర్విష్టివో చూద్దామని అన్నాను. నువ్వు అధ్యక్షుడివేంటి, మొహం చూసుకున్నావా, కత్తి కట్టుకుని నడవడం రాదు నీకు, అని మొదలుపెట్టాడు. కళ్ళల్లో నీళ్ళు ధారగా కారిపోతున్నాయి, తుడుచుకోకుండా తిడుతూనే ఉన్నాడు, రాజ్యాంగంలో ఏ మాట తర్వాత ఏ మాట ఉందో అంతా వరసగా అప్పజెప్పాడు. బాబాయి ఆ నీళ్ళు చూడకుండా ఇంటి కప్పు వైపు చూస్తూ, ఆక్షేపణ, అన్నాడు. ఇంకో మాటకి మళ్ళీ ఆక్షేపణ, అన్నాడు. పొద్దు వాలేదాకా. చారు చల్లారిపోయింది, నేను పట్టుకునే ఉన్నాను.

ఆ వారమే పోయాడు. మా నాన్న ఇంకో అయిదేళ్ళు బతికాడు. సభ లేదు, వాదించేవాళ్ళు లేరు. ఎవరేమన్నా సరేలే, అనేవాడు.

నీకు రాత్రికి బంగాళాదుంపలు ఉడకబెట్టనా పంతులమ్మా, నిప్పుల్లో కాల్చనా?